ముందు స్కేలు, తర్వాత నీళ్లు: ఆన్‌లైన్ ఆర్‌పీజీకి లోకపటం గీసే పద్ధతి

లోకపటం గీద్దామని కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది మొదట గీసేది సముద్రతీరం. వంకరటింకర తీరం, మధ్యలో కొండల వరస, ఒక మూల ఎడారి, ఇంకో మూల మంచు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. ఆట మొదలైన పావుగంటకి ఎవరో ఒకరు అడుగుతారు: "ఇక్కణ్ణుంచి ఆ కోటకి ఎన్ని రోజులు?" అక్కడ ఆట నడిపే జీఎం (గేమ్ మాస్టర్) నీళ్లు నములుతాడు. ఆర్‌పీజీలో, అంటే పాత్రలు పోషిస్తూ ఆడే ఆటలో, పటం అసలు పని ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పడం. అందుకని స్కేలు తేలకుండా గీత గీయకూడదు.

ఇక్కడ చెప్పేది డిస్కార్డ్‌లో మాట్లాడుకుంటూ ఫౌండ్రీ, రోల్20 లాంటి వర్చువల్ టేబుల్‌టాప్ (పటం, పావులు తెర మీదే పెట్టే సాఫ్ట్‌వేర్) మీద ఆడే ఆటల గురించి. వేలమంది ఒకేసారి ఆడే త్రీడీ ఎమ్మెమ్వోల కథ వేరు.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆర్‌పీజీ ఐదో ఎడిషన్ లెక్కలో మామూలు నడకకి రోజుకి 24 మైళ్లు. చాలాకాలంగా వాడుకలో ఉన్న 6 మైళ్ల హెక్స్ (పటాన్ని విడగొట్టే ఆరు పక్కల గడి) తీసుకుంటే రోజుకి సరిగ్గా నాలుగు హెక్స్‌లు. మనవాళ్లకి మైళ్లు తలకెక్కవు కాబట్టి హెక్స్ వెడల్పు, అంటే ఒక పక్క నుంచి ఎదుటి పక్కకి, 10 కి.మీ. అనుకోండి. రోజుకి 40 కి.మీ., నాలుగు హెక్స్‌లు. అడవి, బురద, కొండ అయితే అందులో సగం, రెండే. బల్ల మీద వేళ్లతో లెక్కపెట్టుకునేంత తేలిక.

ఈ కొలతలో ఇంకో సుఖం ఉంది. చదును నేల మీద నిలబడ్డ మనిషికి దిగంతం సుమారు నాలుగున్నర కి.మీ. దూరంలో ఉంటుంది. హెక్స్ నడిమధ్య నుంచి అంచుకి 5 కి.మీ. అంటే మైదానంలో ఉన్న ప్లేయర్లకి దాదాపు తమ హెక్స్ మాత్రమే కనిపిస్తుంది. అదే 100 మీటర్ల గుట్ట ఎక్కితే చూపు 36 కి.మీ. దాకా పోతుంది, మూడున్నర హెక్స్‌లు. "గుట్ట ఎక్కి చూస్తాం" అని ప్లేయర్లు అనగానే ఎంత ఫాగ్ (ఇంకా చూడని నేలని కప్పే ముసుగు) తీయాలో ఊహించక్కర్లేదు, లెక్క చేతిలోనే ఉంది.

పటం ఎంత పెద్దది ఉండాలి? ఖండం మొత్తం వద్దు. అడ్డంగా 30, నిలువునా 20 హెక్స్‌లు చాలు. ఈ కొలతలో ఒక హెక్స్ వైశాల్యం 86.6 చ.కి.మీ.; 600 హెక్స్‌లకి సుమారు 52,000 చ.కి.మీ. తెలంగాణలో సగం కన్నా కొంచెం తక్కువ. ఈ చివర నుంచి ఆ చివరకి మంచి బాట మీదే ఏడున్నర రోజులు. వారానికి ఒకసారి మూడు గంటలు ఆడే బృందానికి ఇది నెలల తరబడి సరిపోయే నేల. అందులోనూ నింపాల్సింది కొంతే. మొదటి ఊరు ఉన్న హెక్స్, దాని చుట్టూ ఆరు, వాటి చుట్టూ పన్నెండు, మొత్తం 19 హెక్స్‌లలో ఏముందో పూర్తిగా రాసిపెట్టుకోండి. ఆపై వలయంలోని 18కి ఒక్కో వాక్యం. మిగతా పటంలో నేల రంగు, పేరు ఉంటే చాలు.

ఇక నీళ్లు. పటాలు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే.

నదిని కొండ మీద మొదలుపెట్టి సముద్రం వైపు గీస్తే చెయ్యి దానంతట అదే చీలికలు పెడుతుంది. నీళ్లు కిందికి పోయేకొద్దీ కలుస్తాయే గానీ విడిపోవు. అందుకే తిరగేసి గీయండి: సముద్రం దగ్గర నదీముఖంతో మొదలుపెట్టి ఎగువకి వెళ్తూ చెట్టుకి కొమ్మలు వేసినట్టు ఉపనదులు వేయండి. ముఖం దగ్గర లావు గీత, ప్రతి కొమ్మ దగ్గరా ఒక మెట్టు సన్నం. ఉపనది కలిసే కోణం ఎప్పుడూ దిగువ వైపుకి మొగ్గాలి. ఎదురు మొగ్గితే నది కొండెక్కుతున్నట్టు కనిపిస్తుంది.

దగ్గర్లో ఉన్న సముద్రంలోకే నది పోవాలని కూడా లేదు. గోదావరి పుట్టే త్ర్యంబకేశ్వరం నుంచి అరేబియా సముద్రం 80 కి.మీ. దూరం. కానీ దక్కన్ పీఠభూమి వాలు తూర్పుకి ఉంది, అందుకని ఆ నీళ్లు 1,465 కి.మీ. నడిచి బంగాళాఖాతంలో కలుస్తాయి. నది చూసుకునేది దూరాన్ని కాదు, వాలుని. మీ పటంలో కొండల వరస ఒక తీరానికి అంటుకుని ఉంటే పెద్ద నదులన్నీ రెండో తీరానికి పోవాలి. కొండకి, దగ్గరి తీరానికి మధ్య మాత్రం పొట్టి, నిటారు వాగులు ఉంటాయి.

చీలడం ఎక్కడ ఒప్పుకుంటారంటే చదునుబడ్డ డెల్టాలో. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వసిష్ఠగా విడిపోతుంది. అప్పటికి నేలకి వాలు దాదాపు లేదు, నది మోసుకొచ్చిన ఒండ్రు దానికే అడ్డం పడుతుంది. కొండల మధ్య అలాంటి చీలిక పెడితే భూగోళం తెలిసిన ప్లేయరు నవ్వుతాడు. ప్రపంచంలో మినహాయింపులు లేకపోలేదు. వెనిజులాలో కసికియారే అనే నది ఒరినోకో నుంచి చీలి అమెజాన్ వ్యవస్థలోకి పోతుంది. మీ పటంలో అలాంటిది ఒక్కటి పెట్టుకోండి, పెడితే దానికి ఆటలో ఓ కారణం ఉండాలి.

చెరువులు, సరస్సులకి ఒకటే సూత్రం: లోపలికి ఎన్ని వచ్చినా బయటికి ఒకటే దారి. కొల్లేటినే చూడండి. బుడమేరు, తమ్మిలేరు లాంటివి అందులోకి వస్తాయి, సముద్రానికి పోయేది ఉప్పుటేరు. రెండు దారులుంటే పల్లంలో ఉన్నది తన అడుగుని కోసుకుంటూ లోతవుతుంది, రెండోది ఎండిపోతుంది. బయటికి దారే లేకపోతే అది ఉప్పు సరస్సు. అలా అయితే చుట్టూ పచ్చని పొలాలు వేయకండి.

వర్షానికి ఒక్క బాణం గీస్తే చాలు. విడిగా ఒక లేయర్ (పొర) మీద గాలి వచ్చే దిక్కు గీయండి. గాలి కొండని గుద్దుకునే వైపు పచ్చదనం, అవతలి వైపు మెట్ట. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల మీదే కుమ్మరించి తేలికపడతాయి, వాటి నీడలో ఉన్న అనంతపురానికి ఏడాదికి దక్కేది సుమారు 550 మి.మీ. అంటే ఎడారిని ఎక్కడ పెట్టాలో మీరు తేల్చక్కర్లేదు, బాణమే చెబుతుంది. తేల్చాక ఆ లేయర్ దాచేయండి, చెరపకండి. ఆర్నెల్ల తర్వాత పటం పెంచాల్సి వచ్చినప్పుడు కావాలి.

ఈ నీళ్ల లెక్కంతా చేత్తో చేయడం విసుగనిపిస్తే ఆజ్‌గార్ ఫాంటసీ మ్యాప్ జనరేటర్ ఉచితం, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. ఎత్తులు, గాలులు, వాన చూసి నదులు అదే వేస్తుంది. దాన్ని చిత్తు కాగితంలాగే వాడండి. అది ఇచ్చే వందలకొద్దీ ఊళ్లనీ, రాజ్యాలనీ అలాగే ఉంచితే మీకే గుర్తుండవు. ఫైలు మాత్రం డిస్క్‌లోకి సేవ్ చేసుకోండి. బ్రౌజర్ నిల్వ తుడుచుకుపోతే పటమూ పోతుంది.

ఊళ్లు నీళ్లని బట్టి వాటంతట అవే కూర్చుంటాయి: రెండు నదులు కలిసే చోట, రేవు దగ్గర, కనుమ మొదట్లో, ఎడారిలో ఊట దగ్గర. సంతకి పొద్దున్నే బయల్దేరి అమ్ముకుని రాత్రికి ఇల్లు చేరాలంటే మనిషి పోగలిగింది సుమారు 10 కి.మీ. కాబట్టి సాగు నేలలో రెండు హెక్స్‌లకి ఒక సంత ఊరు ఉంటే నమ్మకంగా ఉంటుంది. మధ్యలో పల్లెలు డజన్లకొద్దీ ఉంటాయి, వాటిని పటం మీద వేయొద్దు.

బాటల దగ్గర కొంచెం ఆగాలి, ఆట ఉన్నది ఇక్కడే. ఏ రెండు ముఖ్యమైన చోట్ల మధ్యయినా రెండు దారులు ఉండేలా చూడండి, వాటి మధ్య తేడా లెక్కగట్టండి. ఉదాహరణకి కనుమ దారి మూడు కొండ హెక్స్‌లు, రోజుకి రెండు చొప్పున ఒకటిన్నర రోజు. చుట్టూ తిరిగే బండి బాట పది హెక్స్‌లు, రోజుకి నాలుగు చొప్పున రెండున్నర రోజులు. తేడా ఒక రోజు. కనుమలో దొంగలున్నారని తెలిసినా, ఆ ఒక్క రోజు కోసం వెళ్లాలా వద్దా అని టేబుల్ మీద వాదన పుడుతుంది. బండి బాట పన్నెండు రోజులైతే వాదన ఉండదు, అందరూ కనుమకే. రెండు గంటల తేడా అయితే అందరూ బండి బాటకే. దారి ఒక్కటే ఉంటే అసలు పటం అవసరమే లేదు.

పేర్ల విషయంలో తెలుగువాళ్లం అదృష్టవంతులం. మన ఊరి పేరు చివరే నేల ఎలాంటిదో చెప్పేస్తుంది. ఎదుర్లంకలో లంక ఉంది, అంటే పక్కనే నది. జంగారెడ్డిగూడెంలో గూడెం, రాయదుర్గంలో దుర్గం, సూర్యాపేటలో పేట. చిన్న పారకం వాగు, రాయలసీమలో అయితే వంక, అంతకన్నా పెద్దది ఏరు. ఈ చివరలని మీ లోకంలోనూ నిక్కచ్చిగా పాటించండి. మూడో సెషన్‌కల్లా ప్లేయర్లు "లంక" అన్న పేరు చూడగానే పడవ సంగతి అడుగుతారు. నోరు తిరగని కల్పిత పేర్లు పెడితే మాత్రం "ఆ కొండ పక్క ఊరు" అనే పిలుస్తారు.

పేర్లు తెలుగులో రాయాలంటే ఓ చిక్కుంది. పటాలు గీసే సాఫ్ట్‌వేర్లలో కొన్నింటికి వత్తులు పేర్చడం రాదు, అక్షరాలని పక్కపక్కన పడేస్తాయి. ఆటలు తయారుచేసే గోడో 3 ఇంజన్‌లో ఆ సదుపాయం లేదు, 4లో వచ్చింది. యూనిటీ ఇంజన్‌లో అక్షరాలు వేసే టెక్స్ట్‌మెష్ ప్రోకీ అదే లోటు. ముందుగా "రాష్ట్రం" అని టైప్ చేసి చూడండి. ట, ర వత్తులు ష కిందకి రాకుండా విడిగా నిలబడితే ఆ సాఫ్ట్‌వేర్‌లో పేర్లు రాయడం మానేయండి. పేర్లు లేని పటాన్ని పీఎన్‌జీ బొమ్మగా తీసి ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, పైన పేర్లు వేయండి. అక్కడ వత్తులు సరిగ్గా పడతాయి. పెద్ద పేర్లకి రామభద్ర ఫాంట్, చిన్నవాటికి నోటో సాన్స్ తెలుగు బాగుంటాయి. ఫైలు ఇంకో మెషీన్‌కి పంపే ముందు టెక్స్ట్‌ని పాత్‌గా (గీతల బొమ్మగా) మార్చండి, లేకపోతే ఫాంట్ లేని చోట రూపం మారిపోతుంది. అక్షరాల చుట్టూ తెల్ల అంచు 2 పిక్సెల్స్ దాటితే సున్నలు పూడుకుపోతాయి. ఇంగ్లీషు పటాల్లో రాజ్యం పేరుని అక్షరాల మధ్య ఖాళీ పెంచి సాగదీస్తారు. తెలుగులో అది చేస్తే చాలాచోట్ల వత్తు ఒక దిక్కు, అక్షరం ఒక దిక్కు. సైజు పెంచండి, కావాలంటే కొద్దిగా వంపు ఇవ్వండి, అంతే.

పిక్సెల్స్ లెక్క. హెక్స్ వెడల్పు 130 పిక్సెల్స్ అనుకుందాం, మొన పైకి ఉన్న హెక్స్. దాని ఎత్తు 150 వస్తుంది, కానీ వరసలు ఒకదానిలోకి ఒకటి దూరతాయి కాబట్టి వరసకీ వరసకీ మధ్య 112.6 మాత్రమే. వరస విడిచి వరస సగం హెక్స్ పక్కకి జరుగుతుంది. అన్నీ కలిపి 30 × 20 పటానికి 3,965 × 2,290 పిక్సెల్స్. వరసల మధ్య దూరం కూడా 130 అనుకుని గీసినవాళ్లకి పై వరస బాగానే కుదురుతుంది, కిందికి పోయేకొద్దీ ఊళ్లు పక్క హెక్స్‌లోకి జారిపోతాయి. గ్రిడ్‌ని, అంటే హెక్స్ గీతల్ని, బొమ్మలోనే గీసేయకండి. అది టేబుల్‌టాప్‌లోనే ఆన్ చేయండి, లేకపోతే రెండు గ్రిడ్లు ఒకదాని మీద ఒకటి తప్పుకుని కళ్లు తిప్పుతాయి.

ఇంకా పెద్దది చేస్తే ఏం? ఫైలు వెబ్‌పీలో (కుదించిన బొమ్మగా) మూడు ఎంబీలే అని మురిసిపోతారు గానీ, గ్రాఫిక్స్ మెమరీలోకి వెళ్లాక ప్రతి పిక్సెల్‌కీ 4 బైట్లు. పై పటానికి 36 ఎంబీ. 8,192 × 8,192 చేస్తే 268 ఎంబీ. పాత ల్యాప్‌టాప్‌లో ఆడే ప్లేయరుకి తెర నల్లబడేది అందుకే, నెట్ స్లో అయి కాదు.

రహస్యాలు బొమ్మలో ఉండకూడదు. ఫాగ్ కప్పినా కింద ఉన్న బొమ్మ ఫైలు ప్లేయరు బ్రౌజర్‌కి చేరే ఉంటుంది. దాన్ని విడిగా ఓ ట్యాబ్‌లో తెరవడం పెద్ద విద్యేం కాదు. పాడుబడ్డ గుడి, దొంగల స్థావరం, మూసుకుపోయిన సొరంగం లాంటివన్నీ జీఎంకే కనిపించే లేయర్‌లో టోకెన్లుగా (విడి చిన్న బొమ్మలుగా) పెట్టుకోండి, కనుక్కున్నప్పుడు బయటికి తీయండి.

ఇంత చేసినా ఎక్కడో ఒక నది కొండెక్కుతుంది, ఎవరో ఒకరు పట్టుకుంటారు. ప్లేయర్లు ఇంకా అడుగుపెట్టని హెక్స్ అయితే నిశ్శబ్దంగా దిద్దేయండి. నడిచిన హెక్స్‌ని మాత్రం కదపొద్దు. వాళ్ల నోట్సులో అది రాసుకుని ఉంటారు. అందుకే ప్లేయర్లకిచ్చే పటం కింద మూలన ఆ లోకంలో పటం గీసినవాడి పేరొకటి వేసి పెట్టండి. తప్పు దొరికినప్పుడు ఆయన ఆ వైపు ఎప్పుడూ వెళ్లలేదని, ఎవరో చెప్పింది విని గీశాడని చెప్పొచ్చు.