నడుము పైదాకా ఆఫీసు

2020 మార్చి చివరి వారంలో లాక్‌డౌన్ మొదలై, హైటెక్ సిటీ, గచ్చిబౌలి కార్యాలయాల ల్యాప్‌టాప్‌లన్నీ ఇళ్లకు చేరినప్పుడు, ఇక ఆఫీసు దుస్తులకు కాలం చెల్లిందని మా సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లో చాలామంది అనుకున్నారు. జరిగింది అది కాదు. ఆ దుస్తులు కెమెరాకు కనిపించినంత మేర నిలిచి, మిగతా సగం జారిపోయాయి. పైన కాలరున్న చొక్కా, కింద లుంగీ లేదా నిక్కరు మగవాళ్ల వేషమైంది. ఆడవాళ్లకు ఈ ఉపాయం కొత్తదేమీ కాదు. తలుపు తట్టిన చప్పుడు వినగానే నైటీ మీద చున్నీ కప్పుకోవడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే కాబట్టి, కాల్‌కు ముందు నైటీ మీద కుర్తీ తొడుక్కోవడం మాకు సహజంగానే అబ్బింది. ఆ రోజుల్లోనే అమెరికాలో వాల్‌మార్ట్ ఉన్నతాధికారి ఒకరు, పైన వేసుకునేవి బాగా అమ్ముడవుతున్నాయి గానీ ప్యాంట్ల అమ్మకాలు అలా లేవని చెప్పారు.

కెమెరా కూడా తనవైన నియమాలు పెట్టింది, అవి ఏ మానవ వనరుల విభాగమూ రాసినవి కావు. ఇంటర్వ్యూల కోసం కొనుక్కున్న సన్నచారల చొక్కాలు తెర మీద అలలు కదిలినట్టు కనిపించి, చూసేవాళ్ల కళ్లను ఇబ్బంది పెట్టేవి. తెల్ల చొక్కా వేసుకుని దీపం ఎదుట కూర్చుంటే, కెమెరా తనంతట తానే వెలుతురు తగ్గించుకోవడం వల్ల ముఖం నల్లబడేది. వెనుక కృత్రిమ నేపథ్యం పెట్టుకున్నవాళ్లు గోడ రంగులో కలిసిపోయే బట్ట వేసుకుంటే భుజం ఒకటి మాయమయ్యేది. హెడ్‌ఫోన్స్‌కు తగిలి చప్పుడు చేస్తున్నాయని నేను జూకాలు పక్కన పెట్టాను. గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, కుచ్చిళ్లు సర్ది, పిన్నులు గుచ్చి కట్టుకునే నేత చీరకు పడే శ్రమ మొత్తంలో తెర మీద కనిపించేది భుజం మీది పైట ఒక్కటే కావడంతో, సాదా రంగు మంగళగిరి కాటన్‌తో కుట్టించిన కాలర్ కుర్తీలు దాని స్థానాన్ని ఆక్రమించాయి. అవి ఇప్పటికీ నా ఆఫీసు దుస్తులు; ఈ మార్పు నాకు మేలే చేసిందని ఒప్పుకోవాలి.

దుస్తుల గురించి అందరికంటే పట్టుదల ఉన్న వృత్తి, అంటే న్యాయవాద వృత్తి, ఈ విషయంలో ఎలా నడిచిందో చూస్తే ఆసక్తికరంగా ఉంటుంది. 2020 ఏప్రిల్‌లో రాజస్థాన్ హైకోర్టు వీడియో విచారణకు ఒక న్యాయవాది బనియన్‌తో హాజరైతే, న్యాయమూర్తి ఆ బెయిల్ విచారణను వాయిదా వేశారు. మరుసటి నెల 13న సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చి, వీడియో విచారణల్లో నల్లకోటు, గౌను అక్కర్లేదని, తెల్ల చొక్కా గానీ తెల్ల సల్వార్ కమీజ్ గానీ తెల్ల చీర గానీ ధరించి మెడకు తెల్ల బ్యాండు కట్టుకుంటే చాలని చెప్పింది. ఆ సడలింపుకు చెప్పిన కారణం సౌకర్యం కాదు, వైరస్ వ్యాప్తిని అరికట్టడం. అయినా కోటు తీసేసి బ్యాండును ఉంచారంటే, వృత్తికి గుర్తుగా ఎంత మిగిలితే సరిపోతుందో అక్కడ లెక్క తేలిందని నాకనిపిస్తుంది.

సూటు మాత్రం ఆ లెక్కలో నిలవలేకపోయింది. 1818లో మొదలైన అమెరికన్ సూట్ల సంస్థ బ్రూక్స్ బ్రదర్స్ 2020 జులైలో దివాలా రక్షణ కోరింది. బ్రిటన్ జాతీయ గణాంకాల కార్యాలయం 1947 నుంచి ధరల పెరుగుదలను లెక్కించే వస్తువుల జాబితాలో ఏదో ఒక రూపంలో ఉంటూ వచ్చిన మగవారి సూటును 2022లో తొలగించి, దాని బదులు ఫార్మల్ జాకెట్ లేదా బ్లేజర్‌ను మాత్రం చేర్చింది. అక్కడా మిగిలింది నడుము పైభాగమే!

మన దేశంలో సడలింపు అంతకుముందే మొదలైంది. ఇన్ఫోసిస్ 2015లోనే వారమంతా క్యాజువల్ దుస్తులకు అనుమతినిచ్చింది. ఇంటి నుంచి పని చేసిన కాలం దాన్ని అలవాటుగా మార్చింది. అందుకే 2023లో ఉద్యోగులను తిరిగి కార్యాలయాలకు రప్పించిన టీసీఎస్, ఏ రోజు ఏం వేసుకోవాలో మళ్లీ గుర్తు చేయాల్సి వచ్చింది. ఇప్పుడు మా కార్యాలయంలో సాగే గుణమున్న ప్యాంట్లు, స్పోర్ట్స్ షూలు, టక్ చేయని చొక్కాలు ఎవరినీ ఆశ్చర్యపరచవు.

అయితే ఈ స్వేచ్ఛ అందరికీ సమానంగా అందలేదు. టీషర్టుతో లోపలికి వెళ్లే మేనేజరు గుర్తింపు కార్డును పరిశీలించే సెక్యూరిటీ గార్డు ఏప్రిల్ ఎండలో కూడా టై, టోపీ, బూట్లతోనే నిలబడతాడు. రిసెప్షన్‌లోని అమ్మాయిలకు, హౌస్‌కీపింగ్ సిబ్బందికి ఇంటి నుంచి పని అన్నదే లేదు కాబట్టి, వాళ్ల యూనిఫాంలో ఒక్క గుండీ కూడా మారలేదు. ఈ విషయం దుస్తుల మీద జరిగే మా చర్చల్లో ఎవరూ ఎత్తరు.

ఉద్యోగం వెతుక్కునేవాళ్లదీ అదే పరిస్థితి. అమీర్‌పేట హాస్టల్ గదుల నుంచి నాతో ఆన్‌లైన్ ఇంటర్వ్యూలకు కూర్చునే పిల్లల్లో చాలామంది లేతనీలం చొక్కా, టైతో, కొందరైతే కోటుతో కూడా కనిపిస్తారు. వెనుక మంచం, ఆరేసిన తువ్వాలు ఉంటాయి. ఇబ్బందిగా ఉంటే టై తీసేయవచ్చని మొదట్లోనే చెబుతాను. "పర్వాలేదు మేడమ్" అంటారు గానీ, తీసేవాళ్లు అరుదు.