బ్రాందీ షాపు డ్రాకి వెళ్ళొచ్చాను: నా అనుభవం

జ్వరమని కాలేజీకి అబద్ధం చెప్పి సోమవారం, 2024 అక్టోబర్ 14న, బ్రాందీ షాపుల లైసెన్సులకి తీసే లాటరీ డ్రాకి వెళ్ళాను. షాపు రాలేదు. మామూలుగా రాకపోయుంటే ఇంత రాసేవాణ్ణి కాదు, అదెలా రాలేదో కింద చెప్తాను. మూడు రోజులైంది, కడుపు ఇంకా మండుతూనే ఉంది. చల్లారాక రాస్తే నేనూ అందరిలాగే "ఏదో సరదాకి వేశాం లెండి" అంటాను, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. జీతం రెండు నెలలకోసారి వస్తుంది, అది కూడా కరస్పాండెంట్ గారి మూడ్ బాగుంటే. ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ళుగా ప్రభుత్వమే నడిపిన మద్యం షాపుల్ని మళ్ళీ ప్రైవేటు వాళ్ళకి ఇస్తున్నారని నోటిఫికేషన్ రాగానే మా బావమరిది, అతని ముగ్గురు స్నేహితులు కలిసి దిగుదామనుకున్నారు. ఐదో మనిషి కావాలి. "బావా, నీ పేరు మీద ఎప్పుడూ ఏదీ వెయ్యలేదు కదా, కొత్త చెయ్యి కలిసొస్తుంది" అన్నాడు. కొత్త చెయ్యి అంటే ఇంతవరకూ దేనికీ పనికిరాని చెయ్యి అని నాకప్పుడు తట్టలేదు.

రాష్ట్రం మొత్తం 3,396 షాపులు. ఒక్కో దరఖాస్తుకి 2 లక్షలు, తగిలినా తగలకపోయినా ఆ డబ్బు వెనక్కి రాదు. ఒకరు ఎన్నయినా వేసుకోవచ్చు. మేం మూడు షాపులకి రెండేసి చొప్పున ఆరు వేశాం, 12 లక్షలు. నా వాటా 2 లక్షల 40 వేలు, మా ఆవిడ రెండేళ్ళుగా కడుతున్న చీటీని నష్టానికి పాడి తెచ్చాను. ఆవిడ ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

అసలు మొదటి గడువు అక్టోబర్ 9. ఆ రోజుకి నా డబ్బు సర్దుబాటు కాలేదు, నన్ను వదిలేసి నలుగురే వేద్దామనుకున్నారు. అదే సమయానికి గడువు 11 దాకా పొడిగించారు. ఇది దేవుడు నా కోసమే పొడిగించాడని మా అత్తగారు అన్నారు. నేను కూడా నమ్మాను, దాచడం ఎందుకు. దరఖాస్తు వెయ్యడం ఏమీ కష్టం కాదు, ఇంట్లో కూర్చుని అరగంటలో అయిపోయింది. డబ్బు తీసుకునే పని ఎప్పుడూ తొందరగానే అవుతుంది.

ఇక నేను లెక్కల వాణ్ణి కాబట్టి లెక్క వెయ్యకుండా ఉండలేకపోయాను. మేం వేసిన షాపులకి 41, 29, 36 దరఖాస్తులు పడ్డాయి. ఆరింటిలో కనీసం ఒక్కటి తగిలే అవకాశం నూటికి పదహారు, అంటే ఒక పాచిక వేసి ఆరు పడాలని కూర్చున్నట్టు. 41 పడిన షాపుకి ఏడాది లైసెన్స్ ఫీజు 55 లక్షలైతే, ఆ షాపు కోసం మేమందరం కలిసి పోసిన దరఖాస్తు డబ్బే 82 లక్షలు. రాష్ట్రం మొత్తం మీద దాదాపు 90 వేల దరఖాస్తులు, ఒక్క సీసా అమ్మకుండానే దాదాపు 1,800 కోట్లు. ఇదంతా కాగితం మీద వేసి మా బావమరిదికి చూపించాను. అతను కాగితం తిప్పి చూసి, "ఎవరో ఒకరికి రావాలిగా బావా" అన్నాడు. పదిహేనేళ్ళుగా సంభావ్యత పాఠం చెబుతున్నాను, ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

ఒక్క సలహా ఇక్కడే చెప్పేస్తాను. పార్ట్‌నర్లతో దిగితే స్టాంపు కాగితం రాసుకోండి. బంధువులైతే రెండు రాసుకోండి.

సోమవారం పొద్దున ఆరున్నరకే జిల్లా కేంద్రం చేరాం. అల్పపీడనమని రెండు రోజుల నుంచి చెబుతున్నారు, సన్నగా తుంపర పడుతోంది. హాలు బయట జాతరలా ఉంది. తెల్ల చొక్కాలు, మెడలో లావు గొలుసులు, నుదుటిన కుంకుమ, కొంతమంది చేతుల్లో కొబ్బరి చిప్పలు కూడా. మొగుళ్ళు వేయించిన దరఖాస్తులకి సంతకం పెట్టి వచ్చిన ఆడవాళ్ళు ఒక పక్కగా కుర్చీల్లో కూర్చున్నారు, పట్టుచీరల్లో, పెళ్ళికి వచ్చినట్టు. ఇన్ని వేలమంది వస్తారని తెలిసీ ఒక్క మరుగుదొడ్డి తెరిచి పెట్టారు, దానికీ నీళ్ళు లేవు. 2 లక్షలు కట్టించుకున్నవాళ్ళు 2 రూపాయల మంచినీళ్ళ ప్యాకెట్ ఇవ్వలేరా? ఏ ఆఫీసో చెప్పను, వెళ్ళినవాళ్ళకి తెలుసు.

లోపలికి దరఖాస్తుదారుణ్ణి మాత్రమే పంపుతారు. గేటు దగ్గర బల్ల వేసి ఎంట్రీ పాస్, ఒరిజినల్ ఆధార్ చూస్తున్నారు. నా వంతు వచ్చింది. బల్ల వెనక కుర్రాడు తల వంచుకుని పేరు రాసుకుంటూ ఉన్నాడు, రాసిన పేరు ఒకసారి మళ్ళీ చదివి తల ఎత్తాడు.

"సార్! మీరా?"

మా పాత స్టూడెంటు. ఏడెనిమిదేళ్ళ కిందటి బ్యాచ్. పేరు గుర్తురాలేదు, మొహం మాత్రం బాగా గుర్తుంది, ఎందుకంటే ఆఖరి బెంచీలో కూర్చునేవాడు, నేను వాణ్ణి లేపి నిలబెట్టి తరగతి మొత్తం ముందు "నువ్వు జీవితంలో దేనికీ పనికిరావురా" అన్నాను. అన్న రోజు కూడా గుర్తుంది. సంచిలో అయిదు ఎర్ర బంతులు, నాలుగు తెల్ల బంతులు ఉంటే, రెండు తీస్తే రెండూ ఎర్రవి వచ్చే సంభావ్యత ఎంత అని అడిగాను, వాడు "తీసి చూస్తే తెలుస్తుంది సార్" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు కోపం వచ్చింది.

ఇప్పుడు వాడు లేచి నిలబడ్డాడు. అదే నా ప్రాణం తీసింది. కూర్చునే పని చూసుకుంటే సరిపోయేది. లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి, గట్టిగా, వెనక లైన్‌లో యాభైమందికి వినపడేలా, "నమస్తే సార్, మా లెక్కల మాస్టారు" అని పక్కన కూర్చున్న ఆవిడకి పరిచయం చేశాడు. ఆవిడ నా వంక చూసి, ఎంట్రీ పాస్ వంక చూసి, మళ్ళీ నా వంక చూసింది. వెనకాల ఎవరో "మాస్టార్లు కూడా దిగారురోయ్" అన్నారు. చెవులు కాలిపోయాయి. నేను ఏదో అనాలి కాబట్టి, "ఇక్కడ చేస్తున్నావా, ఉద్యోగం ఎప్పుడొచ్చింది, గ్రూప్స్ రాశావా?" అని పెద్దమనిషిలా అడిగాను.

"లేదు సార్. నాన్న సర్వీసులో ఉండగా పోయారు. ఆయన ఉద్యోగం నాకిచ్చారు. జూనియర్ అసిస్టెంటుని."

చెప్పేటప్పుడు మొహంలో ఏ మార్పూ లేదు, రోజూ పదిమందికి చెప్పే మాటలా చెప్పాడు. నాకు నోట మాట రాలేదు. దేనికీ పనికిరావన్నది నేను. వాడికి ఉద్యోగం ఎలా వచ్చిందో విన్నాక ఆ మాట వెనక్కి తీసుకోవాలో, అక్కడే ఉంచాలో కూడా తెలియలేదు. వాడే నన్ను గట్టెక్కించాడు, "రండి సార్, లోపల ఫ్యాన్ కింద కుర్చీ ఉంది" అని స్వయంగా తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. దారిలో మెల్లగా అన్నాడు, "సార్, ఈ బంతులు తీసే లెక్కలు చెప్పింది మీరే కదా". వెటకారమో, అభిమానమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. మూడు రోజులుగా అదే ఆలోచన.

మా షాపు నంబరు వంద దాటింది. మధ్యాహ్నం దాకా కూర్చోవడమే పని. ఒక్కో షాపుకి ఎన్ని దరఖాస్తులుంటే అన్ని నంబర్ల బిళ్ళలు అందరికీ చూపించి డబ్బాలో వేసి, కలిపి, పై అధికారి చెయ్యి పెట్టి తీస్తారు. అంతే. రెండేళ్ళ వ్యాపారం, కొందరికి ఇల్లూ పొలమూ, నిమిషంలో తేలిపోతుంది. ముందంతా "సెట్టింగ్ అయిపోయింది, పైవాళ్ళకే వస్తాయి" అని బయట చెప్పినవాళ్ళని నమ్మకండి. పది, పదిహేను వేసిన పెద్ద గుంపులు ఉత్త చేతులతో లేచి వెళ్ళడం కళ్ళారా చూశాను. ఒక్కటే దరఖాస్తు వేసిన ఒక ఆటో డ్రైవరుకి తగిలింది, అతను అక్కడే కూలబడి ఏడ్చాడు. మిగతా డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తాడో ఆలోచించి ఏడ్చాడని నా పక్కాయన అన్నాడు.

కూర్చుని కూర్చుని పాత విషయాలు గుర్తొచ్చాయి. అప్పట్లో ఎంసెట్ కౌన్సెలింగ్‌కి వెళ్ళినప్పుడు కూడా ఇలాగే కుర్చీల్లో కూర్చుని, నంబరు పిలిస్తే లేచి వెళ్ళాం. మా ఊరికి దగ్గర్లో ఉన్న కాలేజీలో కంప్యూటర్ సైన్సు ఆఖరి సీటు నా ముందు కూర్చున్న కుర్రాడు తీసుకున్నాడు. దూరం పంపే స్తోమతు లేదని మా నాన్న డిగ్రీలో చేర్పించాడు, బీఎస్సీ, తర్వాత ఎమ్మెస్సీ, తర్వాత ఈ చాక్‌పీసు. ఆ కుర్రాడు ఇప్పుడు డాలస్‌లో ఉన్నాడు, కొత్త ఇంటి గృహప్రవేశం ఫొటోలు పెడతాడు, కింద "కష్టే ఫలి" అని రాస్తాడు. కష్టపడలేదని నేను అనను. కానీ వాడు ఆ రోజు ఒక్క కుర్చీ వెనక కూర్చుని ఉంటే? నేను క్లాసులో బాగా చెబుతానని పేరుంది, మా కాలేజీలో లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్న పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు, ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, కొంచెం గొప్ప కోసమే చెబుతున్నాను.

మా షాపు పిలిచారు. నాది 17. నలభై ఒక్క బిళ్ళలు పడ్డాయి. మొదట తీసింది 23. హాల్లో ఎవరో కేక వేశారు. నేను లేవబోయాను, పక్కాయన చొక్కా పట్టి లాగి కూర్చోబెట్టాడు, ఇంకా రెండు తీస్తారు, మొదటివాడు డబ్బు కట్టకపోతే వీళ్ళకి ఇస్తారు అని. రెండోసారి చెయ్యి పెట్టారు.

"పదిహేడు. ఆర్-1."

అంటే రిజర్వులో మొదటివాణ్ణి. దీన్ని ఏమనాలో నాకు తెలియదు. ఓడిపోతే ఓడిపోయామని ఇంటికి పోతాం. ఇది అలా కాదు. గెలిచినవాళ్ళు లైసెన్స్ ఫీజులో ఆరో వంతు, అంటే 9 లక్షల పైచిలుకు, 24 గంటల్లో కట్టాలి. కట్టకపోతే షాపు నాది. కాబట్టి ఆ ఇరవై నాలుగు గంటలూ నేను చేసిన పని ఏమిటంటే, ముక్కూ మొహం తెలియని మనిషి చేతిలో డబ్బు ఉండకూడదని కోరుకోవడం. మిగతా రెండు షాపుల్లోనూ పోయింది, అది నాకు తర్వాత ఎప్పుడో చెప్పారు, పట్టించుకోలేదు కూడా.

మా బావమరిది ఊరుకోలేదు. సాయంత్రానికి 23 ఎవరిదో కనుక్కున్నాడు. ఎరువుల కొట్టాయన, భార్య పేరు మీద వేశాడు. అడిగితే ఆయన కూడా గడువు పొడిగించాకే వేశాడట, పదకొండో తేదీన. దేవుడు నా ఒక్కడి కోసమే పొడిగించలేదన్నమాట. "ఆయన దగ్గర డబ్బు తక్కువుందట బావా, నువ్వు సిద్ధంగా ఉండు" అని రాత్రి పదకొండింటికి ఫోను. పన్నెండున్నరకి మళ్ళీ ఫోను, "మద్యం వ్యాపారుల సిండికేటు వాళ్ళు ఆయన చుట్టూ తిరుగుతున్నారట, గుడ్‌విల్ కింద ఆయనకి డబ్బిచ్చి వాళ్ళే కట్టేస్తారేమో". ఒంటిగంటన్నరకి ఇంకోటి, "లేదట, ఆయన వద్దన్నాడట". నిద్ర లేదు, టెన్షన్. మా ఆవిడ అటు తిరిగి పడుకుంది, నిద్రపోలేదని నాకు తెలుసు. నేను మాత్రం ఆ రాత్రి వంటింట్లో కూర్చుని రాజీనామా ఉత్తరం రాశాను. చాలా బాగా వచ్చింది. బకాయి జీతాల గురించి ఒక పేరా, ల్యాబ్ ఫీజు పేరుతో పిల్లల దగ్గర ఏం వసూలు చేస్తారో ఒక పేరా. పొద్దున్నే ప్రిన్సిపాల్ ఫోను చేస్తే "నాతో మర్యాదగా మాట్లాడండి" అని కూడా అన్నాను. ఆయన "ఇప్పుడేమైందయ్యా, జ్వరం ఎలా ఉందని అడిగాను" అన్నాడు.

మంగళవారం మధ్యాహ్నం ఎరువుల కొట్టాయన చలానా కట్టేశాడు. గడువుకి ఇంకా గంటకి పైగా ఉండగానే. ఆయన భార్య నగలు పెట్టారని విన్నాను.

బుధవారం షాపులు తెరిచారు, నేను కాలేజీకి వెళ్ళాను. రెండో ఏడాది క్లాసులో బోర్డు మీద "ఆర్-1" అని రాసుంది, చుట్టూ సున్నా చుట్టి. డ్రా హాలు వీడియో ఎవరో స్టేటస్ పెట్టుకున్నారట, ఫ్యాన్ కింద కుర్చీలో నేను స్పష్టంగా కనిపిస్తున్నానట. చెరిపేసి పాఠం మొదలుపెట్టాను. ఎవరూ నవ్వలేదు, అదొక వింత. ఆఖరి బెంచీలో ఒకడు చెయ్యి ఎత్తి, "సార్, రిజర్వులో ఉన్నవాడికి వచ్చే సంభావ్యత ఎలా కట్టాలి?" అని అడిగాడు. నేను వాణ్ణి ఏమీ అనలేదు. సిలబస్‌లో లేదన్నాను.

రాజీనామా ఉత్తరం పుస్తకాల మధ్య పెట్టాను, ప్రస్తుతానికి. మా బావమరిది ఎరువుల కొట్టాయనతో వాటా మాట్లాడుతున్నాడట, నాతో చెప్పకుండా. చెప్పాను కదా, స్టాంపు కాగితాలు రెండు రాసుకోండి.

ఇందాక ఆ కుర్రాడు ఫోను చేశాడు, నంబరు దరఖాస్తులో చూసి. "సార్, మీ ఒరిజినల్ ఆధార్ నా బల్ల మీదే వదిలేసి వెళ్ళారు. జాగ్రత్తగా పెట్టాను, వీలున్నప్పుడు వచ్చి తీసుకెళ్ళండి. కొరియర్ చెయ్యమన్నా చేస్తాను సార్." కొరియర్ వద్దు, నేనే వస్తానన్నాను. శనివారం వెళ్ళాలి. వాడి పేరు ఇంకా గుర్తురాలేదు, అడగడానికి మొహం చెల్లడం లేదు.