కూతకు పోయే పిల్లగాడు: పది పాయింట్ల లెక్క

సంక్రాంతి కబడ్డీ పోటీలు ముగిసినంక దేవరకొండ నుంచి జడ్చర్ల దాకా ఏ చాయ్ హోటల్ కాడ నిలబడ్డా ఒకటే ముచ్చట: ఈసారి మన టీముకు రైడర్ (కూతకు పోయేటోడు) దొరికిండు. సూపర్ టెన్, అంటే ఒక్క మ్యాచుల పది రైడ్ పాయింట్లు, కొట్టిన పిల్లగాడి వీడియో ఫోన్ల మీద తిరుగుతుంటది. ఆశపడుడు తప్పేం లేదు. ముందుగాల ఆ పది పాయింట్లల్ల బోనస్‌లు (ఎదుటి దిక్కు బోనస్ గీత దాటితే వచ్చేవి) ఎన్ని, టచ్‌లు (ఎదుటోళ్లను తాకి ఔట్ చేస్తే వచ్చేవి) ఎన్ని అన్నది విడదీసి చూడాలె.

బోనస్‌తోని స్కోరు పెరుగుతది గానీ బయట కూసున్నోడు ఒక్కడు గూడ లోపలికి రాడు. ఎదుటోళ్లను ఔట్ చేస్తేనే రివైవల్, అంటే ఔటైనోడు తిరిగి లోపలికొచ్చుడు. మన దిక్కు నలుగురే మిగిలినప్పుడు వాడు వరుసగా రెండు బోనస్‌లు తెచ్చినా ఆ నలుగురు నలుగురే. ఎదుటి టీము ఏడుగురు అట్లనే ఉంటరు. తర్వాత మనోళ్లు రెండుసార్లు పట్టుబడితే టీము మొత్తం ఔటయ్యే ఆలౌట్ గుమ్మంల నిలబడ్డట్టే. రెండు బోనస్‌ల మీద చప్పట్లు కొట్టినోళ్లే అప్పుడు డిఫెన్స్‌ను తిడతరు.

బోనస్‌కు ఎదుట కనీసం ఆరుగురు ఉండాలె, ఒక కాలు బోనస్ గీత అవతల పడాలె, వెనక కాలు గాల్లో ఉండాలె. కొత్త పిల్లలు చెడేది ఇక్కడే. ముందు కాలు మీద బరువంతా వేసేస్తరు. కాలు వెనక్కి గుంజుకునేలోపు కార్నర్ (చివరన నిలబడే డిఫెండర్) మడిమ పట్టేస్తడు, కవర్ (నడుమ దిక్కు నిలబడే డిఫెండర్) వచ్చి డ్యాష్ ఇస్తడు, అంటే ఒంటితోని గుద్ది తోస్తడు. మందు సాధనలనే ఉంది. సున్నంతోని గీత గీసి, కార్నర్ జాగలో ఒకడిని చెయ్యి చాపి మోకాళ్ల మీద కూసోబెట్టాలె. గీత దాటుడు, వెంటనే నడుము తిప్పి వెనక్కి వచ్చుడు, ఒక్కో దిక్కు పదేసి సార్లు. మొదటి వారం నిదానంగ, వేగం ఆ తర్వాత. ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి దూరే రైడర్‌ను రెండు మ్యాచుల్లో చదివేస్తరు, కాబట్టి రెండో దిక్కు గూడ రావాలె.

మట్టి మీద మెరిసినోడు మ్యాట్ మీద తేలిపోవుడు గూడ మామూలే. సగం ఆట అయ్యేసరికి మట్టి కోర్టుల లాబీ (కోర్టు రెండు పక్కల ఉండే పట్టీ) గీత చెరిగిపోతది, పిల్లగాడు పక్కకు జరుగుతనే ఉంటడు, ఎవరూ పట్టించుకోరు. మ్యాట్ మీద టచ్ లేకుండ లాబీల కాలు పెడితే సీదా ఔట్. 10 మీటర్ల వెడల్పుల చెరో దిక్కు మీటరు లాబీకే పోతది, ఆడేది 8 మీటర్లల్లనే. ఇంకోటి, ఉత్త కాళ్లతోని మట్టిల జారినట్టు బూట్లు మ్యాట్ మీద జారవు. పాదం అతుక్కుంటది, ఒళ్లు తిరుగుతది, దెబ్బ మోకాలికి తగులుతది. పోటీకి ముందు రోజు బూట్లు కొనిచ్చి పంపుడు చానా పెద్ద తప్పు.

ఒక్క రైడర్ ఏం జెయ్యగలడో ప్రో కబడ్డీ లీగుల ఆడే తెలుగు టైటాన్స్‌ను చూస్తే తెలుస్తది. పదో సీజన్‌కు రైడర్ పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షలకు పైనే పెట్టి తెచ్చుకున్నరు. 22 మ్యాచుల్లో గెలిచినయి 2, టీము అట్టడుగున. తర్వాతి సీజన్‌ల పవన్ గాయంతోని కొన్ని మ్యాచులు ఆడకపోయినా 12 గెలిచిన్రు. విజయ్ మాలిక్ భారం పంచుకున్నడు, ఎదురుచూపు ఒక్కడి మీద లేకుండ పోయింది.

ఊరి టీముల గూడ గమనించాల్సింది ఇదే. రెండు ఖాళీ రైడ్‌ల తర్వాత వచ్చే డూ ఆర్ డైకి (పాయింట్ తేకుంటే రైడరే ఔటయ్యే రైడ్‌కు) ఎవరిని పంపుతున్నరు? సీనియర్లు తప్పించుకొని ప్రతిసారి ఆ పిల్లగాడినే తోస్తే వాడు పట్టుబడుడు ఖాయం, ముద్ర పడేది గూడ వాని మీదనే. వాడు ఔటై కూసున్నప్పుడు కార్నర్, కవర్ చేతులు పట్టుకొని చైన్ కట్టి ఒక పట్టు పట్టాలె. అప్పుడే వాడు తిరిగి లోపలికొస్తడు, అది గూడ ఔటైన వరుసల వాని వంతు వచ్చినప్పుడు. కోర్టుల ముగ్గురే మిగిలినప్పుడు ఎదుటి రైడర్‌ను పడితే సూపర్ టాకిల్, రెండు పాయింట్లు. లోపలికొచ్చేది మాత్రం ఒక్కడే.

వీడియోలు తీసేటోళ్లు ఆ కూసున్న జాగ దిక్కు గూడ ఒకసారి ఫోన్ తిప్పాలె. పిల్లగాడు తల దించుకొని మట్టి గీకుతున్నడా, లేకుంటే ఎడమ కార్నర్ ముందే దూకుతున్నడని తర్వాత పోయే రైడర్‌కు కేకేసి చెప్తున్నడా?