మాంచెస్టర్ పక్కన మా సాంచాల చప్పుడు

మాంచెస్టర్ ఎయిర్‌పోర్టుకు దగ్గర్లోనే స్టయల్ అనే పల్లె ఉంది. అక్కడ బోలిన్ నది ఒడ్డున 1784లో శామ్యూల్ గ్రెగ్ కట్టించిన క్వారీ బ్యాంక్ నూలు మిల్లు ఇప్పుడు మ్యూజియం. ఊరి నుంచి ఎవరొచ్చినా మా బ్యాచ్‌వాళ్లు ఫుట్‌బాల్ స్టేడియం చూపిస్తారు, నేను మాత్రం ఈ మిల్లుకు తీసుకెళ్తాను. మాది సిరిసిల్ల. మా బాపు వయసంతా మహారాష్ట్రలోని భీవండిలో సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపాడు.

మ్యూజియంలో మగ్గాలు నడిపి చూపిస్తారు. రెండు మూడు నడిస్తేనే పక్కవాళ్ల మాట వినబడదు. ఒక్కో షెడ్డులో వందల మగ్గాలు నడిచిన రోజుల్లో మాంచెస్టర్ చుట్టుపక్కల లాంకషైర్ ప్రాంతపు నేత కార్మికులు పెదాల కదలిక చూసి మాట్లాడుకోవడం నేర్చుకున్నారు. బాపు ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడతాడు, ఎదుటివాళ్ల నోటి వంకే చూస్తాడు. ఇన్నాళ్లూ అది ఆయన అలవాటు అనుకున్నాం.

అక్కడ ఒక నాడె చేతికిచ్చారు, మగ్గంలో అడ్డదారాన్ని అటూ ఇటూ మోసేది అదే. అందులోని దారపు కండె అయిపోయినప్పుడల్లా కొత్తది పెట్టి, నాడెకున్న చిన్న రంధ్రానికి నోరు ఆనించి, దారాన్ని పీల్చి బయటికి తీయాలి. దారంతోపాటు దూది దుమ్ము లోపలికి పోతుంది. అదే నాడెను ఇంకొకరు కూడా నోట్లో పెట్టుకుంటారు. ఒకరి రోగం ఇంకొకరికి అంటుతుందని తెలిసినా, లాంకషైర్‌లో దీన్ని చట్టం నిషేధించింది 1952లో.

ఆ మిల్లు పక్కనే 1790లో కట్టిన అప్రెంటిస్ హౌస్ ఉంది. అనాథ పిల్లల్ని, పేదల ఆశ్రమాల పిల్లల్ని తెచ్చి అక్కడ ఉంచి పనిచేయించేవాళ్లు. నడుస్తున్న యంత్రాల కిందికి పాకి దూది ఏరేది కూడా పిల్లలే. 1806లో ఇద్దరు అబ్బాయిలు అక్కడినుంచి లండన్‌కు పారిపోయారు. ఒకడు థామస్ ప్రీస్ట్‌లీ, వయసు 13. యంత్రం చక్రంలో పడి వాడి వేలు తెగిపోయింది. మంచంలో ఉన్నన్నాళ్లూ అమ్మ గుర్తొచ్చి, కాస్త కోలుకోగానే చూడాలని బయల్దేరాడు. తర్వాత మేజిస్ట్రేట్ ముందు వాడు ఇచ్చిన వాంగ్మూలం భద్రంగా ఉండబట్టే ఇదంతా మనకు తెలిసింది. అది చదివి నేను చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

వాడు పారిపోయేనాటికే చట్టం ఉంది. అప్రెంటిస్ పిల్లలతో రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదని 1802లోనే రాశారు. చూసే నాథుడే లేడు. 1833 చట్టం పట్టు మిల్లులు తప్ప మిగతా నూలు, ఉన్ని మిల్లుల్లో 9 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదంది, 13 ఏళ్లలోపు వాళ్లకు వారానికి 48 గంటలే అంది. అన్నిటికంటే ముఖ్యం, జీతమిచ్చి ఇన్‌స్పెక్టర్లను పెట్టింది. దేశం మొత్తానికి నలుగురే అయినా, అసలు మార్పు అక్కడే మొదలైందని నా నమ్మకం. ఆడవాళ్లకు, 18 ఏళ్లలోపు వాళ్లకు పది గంటల పని 1847లో వచ్చింది. అది కూడా కార్మికులు ఏళ్ల తరబడి కొట్లాడితేనే.

మన దగ్గర మొదటి ఫ్యాక్టరీ చట్టం 1881లో వచ్చింది. బొంబాయి మిల్లులు పోటీకి వస్తున్నాయని లాంకషైర్ యజమానులు పెట్టిన ఒత్తిడి దాని వెనక ఉంది. 1948 చట్టం వారానికి 48 గంటలంది గానీ, కరెంటుతో నడిచే చోట కనీసం పది మంది ఉంటేనే వర్తించేది. బాపు పనిచేసింది చిన్న షెడ్డులో, మీటరు లెక్కన కూలి, పన్నెండు గంటల డ్యూటీ. ఇన్‌స్పెక్టర్ ఎప్పుడైనా వచ్చేవాడా అని ఫోన్లో అడిగితే, "వస్తుండె కొడుకా, సేఠ్‌తోని చాయ్ తాగి పోతుండె" అన్నాడు. ఇప్పుడు మెట్లు ఎక్కితే ఆయనకు ఊపిరి ఆడదు.

నేను చేసేది గోదాంలో నైట్ షిఫ్టు. చేతిలో స్కానర్, గంటకు ఎన్ని సామాన్లు తీశామో అదే లెక్కపెడుతుంది. స్పీడు తగ్గితే టెన్షన్. అయినా ఆరు గంటలు దాటిన పనికి 20 నిమిషాల బ్రేక్ ఇక్కడ చట్టం. మొన్న మా బ్యాచ్‌లో కొత్తగా చేరిన తమ్ముడికి ట్రాలీ తగిలి మణికట్టు వాచింది. "అన్నా, చెప్తే షిఫ్టులు తగ్గిస్తారేమో" అని దాచాడు. మర్నాడు వాణ్ని వెంటబెట్టుకుని సూపర్‌వైజర్ దగ్గరికెళ్లి యాక్సిడెంట్ బుక్కులో రాయించాను. తేదీ, టైము, ఏ చెయ్యి, ఏ ట్రాలీ, అన్నీ. కింద వాడి చేతే సంతకం పెట్టించి, ఆ పేజీ ఫోటో తీసి వాడి ఫోన్‌కు పంపాను.