అమ్మను చేర్చే ముందు నేను అడగని ప్రశ్న

మా అమ్మకు 79 ఏళ్ళు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ జరిగాక, మంచం దిగి నాలుగు అడుగులు వేయాలన్నా ఆమెకు ఇద్దరు మనుషుల సాయం కావలసి వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందే మొదలైన డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఆస్పత్రిలో గడిపిన పదిహేను రోజుల్లో బాగా ముదిరింది. అన్నయ్య డాలస్‌లో ఉంటాడు, నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. ఇంటికి వచ్చే ఆయాలు పది రోజులకొకరు మారిపోతుంటే, రాత్రంతా మేలుకుని పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళడం నా వల్ల కాక, ఆమెను వృద్ధుల హోమ్‌లో చేర్చాలని ఇద్దరం నిర్ణయించుకున్నాం.

మొదట చేర్చిన చోటు చూడముచ్చటగా ఉండేది. ముందు తోట, లోపల చిన్న గుడి, అద్దంలా మెరిసే టైల్స్. మూడో వారంలో ఒక ఆదివారం స్నానం నేనే చేయిస్తానని వెళ్ళి, అమ్మను పక్కకు తిప్పినప్పుడు, వెన్నెముక చివర రూపాయి బిళ్ళంత పుండు కనిపించింది. "ఈ వయసులో ఇవి మామూలేనమ్మా" అన్నారు అక్కడి పర్యవేక్షకురాలు. మామూలు కాదని ఆ సాయంత్రమే డాక్టరు చెప్పారు. ఒకే భంగిమలో గంటల తరబడి పడుకుంటే ఎముకకూ పరుపుకూ మధ్య నలిగిన చర్మానికి రక్తం అందదు. మొదట అక్కడ ఎర్రబడుతుంది, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోదు. ఆ దశలో ఎవరైనా గమనించి, బరువు అక్కడ పడకుండా రెండేసి గంటలకు ఒకసారి పక్కకు తిప్పుతూ ఉంటే చాలావరకు పుండు పడకుండా ఆపవచ్చు.

రాత్రి తిప్పేదెవరని అప్పుడు అడిగాను. ఇరవై ఇద్దరు వృద్ధులకు రాత్రంతా ఒక్కరే అటెండెంట్ అని తెలిసింది. వారిలో మంచం పట్టినవారు ఎనిమిది మంది. ఒక్కొక్కరిని తిప్పి, డైపర్ చూసి, దుప్పటి సరిచేయడానికి పది నిమిషాలు వేసుకున్నా, ప్రతి రెండు గంటల్లో ఎనభై నిమిషాలు దానికే పోతాయి. పైగా చర్మం పరుపుకు రాసుకోకుండా ఎత్తి తిప్పాలంటే ఇద్దరు కావాలి. ఆ అమ్మాయిని నేను తప్పు పట్టలేదు, ఇప్పటికీ పట్టను. ఆమె ఎంత మంచిదైనా ఆ పని ఆ సంఖ్యతో జరగదు. చేర్చే ముందు గది అద్దె అడిగాను, భోజనం గురించి అడిగాను, ఈ ఒక్క ప్రశ్న మాత్రం అడగలేదు.

అమ్మను ఇంటికి తెచ్చుకుని, వయోవృద్ధుల సహాయవాణి 14567కు ఫోన్ చేసి జరిగినది చెప్పాను. మిగిలిన ఏడుగురి ఒళ్ళు కూడా పరీక్షించమని యాజమాన్యానికి ఉత్తరం రాశాను. తర్వాత చట్టం చదివాను. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దాని 19వ సెక్షన్ జిల్లాకు ఒకటి చొప్పున నిరుపేద వృద్ధుల కోసం ప్రభుత్వాలు నెలకొల్పవలసిన ఆశ్రమాల గురించి మాట్లాడుతుంది గాని, నెలనెలా డబ్బు తీసుకునే ప్రైవేటు హోమ్‌లో ఎంతమందికి ఎంతమంది సిబ్బంది ఉండాలో ఆ చట్టంలో లేదు. హోమ్‌ల నమోదును, కనీస ప్రమాణాలను తప్పనిసరి చేయడానికి 2019లో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లు ఆమోదం పొందకుండానే 2024లో సభతో పాటు కాలం చెల్లిపోయింది. తనిఖీ అధికారి చేయవలసిన పని కుటుంబమే చేసుకోవాలని అప్పుడు నాకు అర్థమైంది.

రెండోసారి ఆరు హోమ్‌లు చూశాను, ఈసారి రాత్రి ఎనిమిదిన్నరకు, తెల్లవారుజామున ఆరింటికి, చెప్పకుండా వెళ్ళాను. వెంట కొలత టేపు తీసుకెళ్ళాను. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవైనా లేని ర్యాంపు మీద వీల్‌చైర్ తోయడం ప్రమాదకరం. మంచం పట్టినవారిని మూడో అంతస్తులో ఉంచిన చోట, నిప్పంటుకుంటే లిఫ్టు వాడకూడదు కదా, వీరిని ఎలా దించుతారని అడిగితే జవాబు రాలేదు. ఒక చోట పడుకోబెట్టే అన్నం తినిపిస్తున్నారు. మింగడం కష్టమైనవారికి అలా పెడితే పొలమారి మెతుకులు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, న్యుమోనియాకు అది దారి. కూర్చోబెట్టి తినిపించి, తర్వాత అరగంట అలాగే ఉంచాలి. ఇంకొక చోట ఒక ముసలమ్మను చున్నీతో కుర్చీకి కట్టేశారు, పడిపోకుండా అని. ఆ దృశ్యం నన్ను ఈనాటికీ వదలలేదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం నడిచే కేంద్రాల్లో కూడా అలా కట్టడానికి వీల్లేదు. తక్షణ ప్రమాదాన్ని ఆపడానికి వేరే మార్గమే లేనప్పుడు, సైకియాట్రిస్టు అనుమతితో, అవసరమైనంత సేపే కట్టాలి, ఆ సంగతి 24 గంటల్లో రోగి తరఫు ప్రతినిధికి తెలపాలి.

చివరికి ఎంచుకున్న హోమ్ భవనం పాతది, తోట లేదు. కానీ నేను అడగకముందే అక్కడి నర్సు నన్ను అడిగారు: అమ్మ ఏ పక్కకు తిరిగి నిద్రపోతారు, పేరుతో పిలిస్తే పలుకుతారా, 'అమ్మమ్మగారూ' అంటే పలుకుతారా, నిద్రమాత్ర ఎప్పటినుంచి, ఎవరు రాశారు అని. రాత్రి పన్నెండు మందికి ఇద్దరు ఉంటారు. ఒప్పందంలో నాలుగు మాటలు చేర్చమన్నాను: రాత్రి సిబ్బంది సంఖ్య, పక్క తిప్పిన సమయాల పట్టిక, పడిపోయినా పుండు పడినా ఆ రోజే మాకు ఫోన్, ఏ వేళకైనా వచ్చి చూసే హక్కు. మూడింటికి ఒప్పుకున్నారు. రాత్రి తొమ్మిది దాటితే ముందు ఫోన్ చేయాలన్నారు, మిగిలినవారి నిద్ర కోసం. అది న్యాయమే అనిపించింది.

గాలి పరుపు, రోజూ డ్రెస్సింగ్, గుడ్డు, పప్పు పెంచిన భోజనం, వీటన్నిటితో ఆ పుండు మానడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. ఇప్పుడు వెళ్ళినప్పుడల్లా మంచానికి తగిలించిన పట్టిక చూస్తాను: రెండింటికి ఎడమ, నాలుగింటికి వెల్లకిల, ఆరింటికి కుడి. పక్క మంచం మామ్మగారి కోసం ఎవరూ రావడం లేదని తెలిశాక, ఆవిడ పట్టిక కూడా చదివి వస్తున్నాను.