నోరు కట్టుకోమని చెప్పే ముందు

మధుమేహం, ఊబకాయం, పీసీఓఎస్ (స్త్రీల అండాశయాలకు, హార్మోన్లకు సంబంధించిన రుగ్మత) వంటి సమస్యలతో బాధపడే మనిషికి చుట్టుపక్కల వాళ్లు మొట్టమొదట ఇచ్చే సలహా "కాస్త నోరు కట్టుకో" అన్నదే. చెప్పేవాళ్లకు దురుద్దేశం ఉండదు. అయితే ఆకలి మనిషి అదుపులో ఉండే విషయమనీ, ఆ అదుపు తప్పిందంటే అది ఆ మనిషి బలహీనతేననీ ఒక నమ్మకం ఆ సలహాలో దాగి ఉంటుంది. హార్మోన్లు, జీవక్రియలకు సంబంధించిన పరిశోధనలను కొన్నేళ్లుగా శ్రద్ధగా చదువుతూ వస్తున్న నాకు, చదివిన కొద్దీ ఆ నమ్మకానికి ఆధారం లేదన్న అభిప్రాయం బలపడింది. మా కుటుంబంలో రెండు తరాలుగా మధుమేహం ఉంది కాబట్టి ఈ మాటలు పడ్డవాళ్లను నేను దగ్గరగా చూశాను.

ఈ కథ అర్థం కావాలంటే అమెరికాలోని జాక్సన్ లేబొరేటరీలో డగ్లస్ కోల్‌మన్ 1960ల చివరి నుంచి 1970ల మొదటి వరకు ఎలుకలపై చేసిన ప్రయోగాల దగ్గర మొదలుపెట్టాలి. అక్కడ విపరీతంగా లావెక్కే ఎలుకల రకాలు రెండు ఉండేవి. రెండూ ఎంత తిన్నా తృప్తి ఎరుగనివే, చూడటానికి రెండింటి మధ్యా పెద్దగా తేడా లేదు. కోల్‌మన్ ఒక ఎలుకను మరో ఎలుక పక్కన చేర్చి, శస్త్రచికిత్సతో రెండింటినీ కలిపి కుట్టి, ఒకదాని రక్తం రెండోదానిలోకి కొద్దికొద్దిగా చేరే ఏర్పాటు చేశారు. మొదటి రకం లావు ఎలుకను మామూలు ఎలుకతో కలిపినప్పుడు లావు ఎలుక తిండి తగ్గించింది. రెండో రకాన్ని మామూలు ఎలుకతో కలిపినప్పుడు లావు ఎలుక ఎప్పటిలాగే తింటూ ఉండగా, దాని పక్కనున్న మామూలు ఎలుక మేత ఎదురుగా ఉన్నా ముట్టకుండా శుష్కించి చనిపోయింది. రెండు రకాల లావు ఎలుకలను ఒకదానితో ఒకటి కలిపినప్పుడు చనిపోయింది మొదటి రకమే. దీన్నిబట్టి కోల్‌మన్ చేసిన ఊహ ఇది: "ఇక చాలు" అని చెప్పే పదార్థమేదో రక్తంలో ఉంది, మొదటి రకం ఎలుకలో అది తయారుకావడం లేదు, రెండో రకంలో అది పొంగిపొర్లుతున్నా దాన్ని అందుకునే గ్రాహకం లేదు.

ఆ ఊహ నిజమని తేలడానికి రెండు దశాబ్దాలు పట్టింది. 1994లో రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం మొదటి రకం ఎలుకల్లో చెడిపోయిన జన్యువును గుర్తించింది. కొవ్వు కణాలే తయారుచేసి రక్తంలోకి వదిలే ఆ హార్మోనుకు లెప్టిన్ అని పేరు పెట్టారు. కొవ్వును కేవలం నిల్వ సరుకుగా చూసే కాలం అంతటితో ముగిసింది. తర్వాత కేంబ్రిడ్జ్‌లో స్టీఫెన్ ఓరాహిలీ, సదాఫ్ ఫారూఖీ పుట్టుకతోనే లెప్టిన్ లేని పిల్లలను గుర్తించారు. ఆ పిల్లల ఆకలి తల్లిదండ్రులు ఎంత కట్టడి చేసినా ఆగేది కాదు. వారిలో తొమ్మిదేళ్ల పాపకు లెప్టిన్ ఇంజెక్షన్లు మొదలుపెడితే రెండు వారాల్లోనే బరువు తగ్గడం మొదలై, ఏడాదిలో సుమారు 16 కిలోలు తగ్గింది. ఆ పాప పట్టుదలలో వచ్చిన మార్పేమీ లేదు. లేని హార్మోను అందింది, అంతే.

అయితే ఇలా లెప్టిన్ పూర్తిగా లేకపోవడం అత్యంత అరుదు. ఊబకాయం ఉన్నవారిలో ఎక్కువమందికి లెప్టిన్ ఎక్కువగానే ఉంటుంది. మెదడు దానికి స్పందించడం తగ్గుతుంది. అందువల్ల లెప్టిన్ అందరికీ మందు కాలేకపోయింది. శరీరం తన బరువును తానే కాపాడుకుంటుందన్న సంగతి మాత్రం ఆ తర్వాత ఇంకా స్పష్టపడింది. ఆస్ట్రేలియా పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనం ఒకటి నా దృష్టిలో ఈ రంగంలో ప్రతి వైద్యుడూ చదవవలసినది. అందులో పాల్గొన్న 50 మందిని పది వారాల పాటు చాలా తక్కువ క్యాలరీల ఆహారం మీద ఉంచి బరువు తగ్గించారు. ఏడాది గడిచాక కూడా వారిలో లెప్టిన్ మునుపటి స్థాయి కంటే తక్కువగానూ, ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగానూ ఉన్నాయి. ఆకలి కూడా మొదటికంటే ఎక్కువగానే ఉందని వారు చెప్పారు. అప్పటికే తగ్గిన బరువులో కొంత తిరిగి వచ్చింది. డైటింగ్ చేసి మళ్లీ లావైన మనిషిని నిందించే ముందు ఈ ఫలితాలను ఒకసారి తలచుకోవాలి.

ఇప్పుడు అందరూ మాట్లాడుకుంటున్న బరువు తగ్గించే ఇంజెక్షన్ల సంగతి ఈ నేపథ్యంలోనే చూడాలి. భోజనం చేయగానే పేగుల్లోని కొన్ని కణాలు జీఎల్‌పీ-1 అనే హార్మోనును వదులుతాయి. అది రక్తంలో చక్కెర పెరిగినప్పుడు క్లోమం నుంచి ఇన్సులిన్ ఎక్కువగా వచ్చేలా చేస్తుంది, జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది, మెదడుకు కడుపు నిండిందన్న కబురు అందిస్తుంది. కానీ రక్తంలో దాని ఆయుష్షు ఒకటి రెండు నిమిషాలే. 1990ల ఆరంభంలో జాన్ ఎంగ్ అనే వైద్యుడు గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి విషంలో దీన్ని పోలిన, ఎక్కువసేపు నిలిచే పదార్థాన్ని కనుగొన్నారు. దాని ఆధారంగా తయారైన ఎక్సెనటైడ్ అనే మధుమేహ మందుకు 2005లో అనుమతి లభించింది. తర్వాత వచ్చిన సెమాగ్లూటైడ్‌ను రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను అంటిపెట్టుకుని ఉండేలా రూపొందించడం వల్ల వారానికి ఒక్క ఇంజెక్షన్ సరిపోతోంది. ఈ హార్మోను మీద తొలినాళ్లలో పనిచేసిన స్వెత్లానా మోయ్‌సోవ్‌కు దక్కవలసిన గుర్తింపు చాలా ఆలస్యంగా, 2024లో వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ పురస్కారంతో అందడం సంతోషించవలసిన విషయమే అయినా, అంతకాలం పట్టినందుకు బాధ కలుగుతుంది.

2021లో ప్రచురితమైన స్టెప్-1 అధ్యయనంలో రెండు వర్గాలకూ ఆహారం, వ్యాయామం గురించి ఒకే విధమైన సలహాలు ఇచ్చారు. 68 వారాల తర్వాత సెమాగ్లూటైడ్ తీసుకున్నవారు సగటున 14.9 శాతం, ఉత్తుత్తి మందు తీసుకున్నవారు 2.4 శాతం బరువు తగ్గారు. సలహా ఒకటే అయినప్పుడు ఫలితంలో ఇంత తేడా రావడానికి కారణం ఆకలి సంకేతం మారడమే. దీనికి కొనసాగింపుగా జరిగిన పరిశీలన ఇంకా ముఖ్యమైనది: మందు ఆపిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. దీన్ని మందు వైఫల్యంగా చిత్రించేవారితో నేను ఏకీభవించను. రక్తపోటు మాత్ర మానేస్తే రక్తపోటు పెరగదా? అయితే జీవితాంతం వాడవలసిన మందుగా దీన్ని చూడాలంటే, తగ్గే బరువులో కొవ్వుతోపాటు పోయే కండ గురించి, ముఖ్యంగా వృద్ధులలో, ఇంకా నిశితంగా అధ్యయనం చేయవలసి ఉంది.

నన్ను అమితంగా ఆకర్షిస్తున్న చిక్కుముడి ఒకటుంది. టిర్జెపటైడ్ అనే మందు జీఎల్‌పీ-1తోపాటు జీఐపీ అనే మరో పేగు హార్మోను గ్రాహకాన్ని కూడా ప్రేరేపిస్తుంది. ఇంకా పరీక్షల దశలో ఉన్న మారిడెబార్ట్ కాఫ్రాగ్లూటైడ్ అదే జీఐపీ గ్రాహకాన్ని అడ్డుకుంటుంది. ఒకటి తలుపు తెరుస్తుంటే మరొకటి మూస్తోంది. బరువు రెండింటితోనూ గణనీయంగా తగ్గుతోంది. ఎందుకన్న దానిపై పరిశోధకుల్లో ఇంకా వాదోపవాదాలు నడుస్తున్నాయి.

మందు లేని దారిలో బ్రిటన్‌లోని న్యూకాసిల్‌లో రాయ్ టేలర్ చేసిన కృషిని విస్మరించకూడదు. కాలేయంలో, క్లోమంలో పేరుకున్న కొవ్వే టైప్-2 మధుమేహానికి మూలమని ఆయన వాదం. గ్లాస్గోకు చెందిన మైక్ లీన్‌తో కలిసి చేసిన డైరెక్ట్ అధ్యయనంలో, మూడు నుంచి ఐదు నెలలు చాలా తక్కువ క్యాలరీల ఆహారం తీసుకున్నవారిలో 46 శాతం మందికి ఏడాది నాటికి మందులు లేకుండానే చక్కెర మధుమేహ స్థాయి కంటే కిందికి వచ్చింది. రెండేళ్లకు అది 36 శాతం. లావుగా లేని మధుమేహ రోగులలో కూడా బరువు కొంత తగ్గితే అదే జరగవచ్చని ఆయన తర్వాత ఒక చిన్న అధ్యయనంలో చూపారు. ఒక్కొక్క శరీరం భరించగల కొవ్వుకు ఒక్కొక్క హద్దు ఉంటుందన్నది ఆయన వివరణ. సన్నగా ఉండి కూడా మధుమేహం వచ్చిన మా పెద్దవాళ్ల విషయంలో ఎవరూ ఇవ్వని సమాధానం నాకు అక్కడ దొరికింది.

పీసీఓఎస్ విషయానికి వస్తే నాకు అసంతృప్తి కలుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సంతానోత్పత్తి వయసులో ఉన్న స్త్రీలలో 10 నుంచి 13 శాతం మందికి ఈ సమస్య ఉండగా, వారిలో 70 శాతం వరకు ఆ సంగతి తెలియనే తెలియదు. రక్తంలో ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాల్లో పురుష హార్మోన్ల ఉత్పత్తిని పెంచుతుంది. ఆ హార్మోన్లను పట్టి ఉంచే ప్రొటీన్ కాలేయంలో తయారుకావడాన్ని తగ్గిస్తుంది. నెలసరి తప్పడం, మొటిమలు, అవాంఛిత రోమాలు, గర్భం దాల్చడంలో ఇబ్బంది వంటివాటి వెనుక ఈ జీవక్రియ లోపానికి పెద్ద పాత్రే ఉంది. అయినా ఈ అమ్మాయిలకు దొరికేది మళ్లీ అదే నోరు కట్టుకోమనే సలహా.

సెమాగ్లూటైడ్ గుండెజబ్బు ముప్పును 20 శాతం తగ్గిస్తుందని 2023లో నిరూపించిన సెలెక్ట్ అధ్యయనంలో 17,604 మంది పాల్గొన్నారు. వారంతా 45 ఏళ్లు పైబడి, అప్పటికే గుండె లేదా రక్తనాళాల జబ్బు ఉన్నవారు. ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉన్న పీసీఓఎస్ స్త్రీల ప్రశ్నలకు అందులో సమాధానం దొరకదు. వారి ప్రశ్నలు వేరు. బరువు తగ్గితే ఆగిపోయిన అండం విడుదల మళ్లీ మొదలుకావచ్చు. గర్భం కోరుకునేవారు మాత్రం సెమాగ్లూటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలి. మందు ఆపగానే ఆకలి, దాని వెంట బరువు తిరిగి వస్తాయని స్టెప్-1 కొనసాగింపులో చూశాం. అంటే గర్భం కోసం ఎదురుచూసే ఆ నెలల్లోనే శరీరం తన పాత బరువు వైపు పరుగు తీస్తుంది. ఆ నెలల్లో తల్లికీ, గర్భస్థ శిశువుకూ ఏమి జరుగుతుందో, మందును ఎప్పుడు, ఎలా ఆపితే మేలో తేల్చే అధ్యయనాలను సెలెక్ట్ అంత పెద్ద ఎత్తున, పీసీఓఎస్ స్త్రీలతోనే చేపట్టాలి.