నీళ్ళు కాగాయి, స్నానానికి రా: నా ఎన్4 ప్రిపరేషన్ అనుభవం

గత ఏడాది జూలైలో జె.ఎల్.పి.టి., అంటే జపనీస్ భాషా సామర్థ్య పరీక్షలో ఎన్4 స్థాయి రాశాను. 180కి 84 వచ్చాయి. పాస్ కావాలంటే 90 రావాలి. వొకాబులరీ, గ్రామర్, రీడింగ్ కలిపి 120కి 66. లిజనింగ్‌లో 60కి 18. లిజనింగ్‌లో కనీసం 19 రాకపోతే మొత్తం ఎంత వచ్చినా ఫెయిలే. అంటే నేను రెండు రకాలుగానూ తప్పానన్నమాట.

నేను బీఎస్సీ నర్సింగ్ చదివాను. జపాన్‌లో కైగొ పనికి, అంటే వృద్ధులను చూసుకునే పనికి స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసా మీద వెళ్ళాలని ప్రయత్నం. దానికి ఎన్4 గానీ, జె.ఎఫ్.టి. బేసిక్ అనే ఇంకో జపనీస్ పరీక్ష గానీ కావాలి. ఆపైన కైగొ స్కిల్స్ పరీక్ష, కైగొ జపనీస్ పరీక్ష వేరే ఉంటాయి. నాలాగే ఈ దారిలో ఉన్న అక్కలు, చెల్లెళ్ళు, తమ్ముళ్ళ కోసం ఇది రాస్తున్నాను. కంజి (జపనీస్‌లో వాడే చైనా అక్షరాలు) గురించి, గ్రామర్ గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను బాత్రూమ్ మాటల గురించి చెబుతాను, ఎందుకంటే నా మార్కులు పోయింది అక్కడే.

మొదటిసారి చదివినప్పుడు రోజువారీ పనుల పాఠాన్ని ఒక్క సాయంత్రంలో ముగించాను. పళ్ళు తోముకోవడం, తల దువ్వుకోవడం, బట్టలు మార్చుకోవడం, ఇవన్నీ చిన్నపిల్లల మాటలు కదా, వీటికి టైమెందుకు అనుకున్నాను. ఒక పక్క జపనీస్, ఒక పక్క ఇంగ్లిష్ అర్థం రాసుకుని బట్టీ కొట్టాను. వాష్ అంటే అరౌ, వేర్ అంటే కిరు, బాత్ అంటే ఒఫురొ. అయిపోయింది.

లిజనింగ్‌లో ఆడియో ఒక్కసారే వస్తుంది. "వీడు ముందు ఏం చేస్తాడు?" అనే రకం ప్రశ్నలు అందులో తప్పకుండా ఉంటాయి. ఎవరో ఇంటికొస్తారు, అమ్మ ఏదో అంటుంది, వాడు ఏదో జవాబిస్తాడు, నాలుగు బొమ్మల్లో ఒకటి ఎంచుకోవాలి. ఉదాహరణకి అమ్మ "ఒఫురొ గ వైత యొ" అంటుంది. ఒఫురొ అంటే బాత్, వకు అంటే బాయిల్. బాత్ బాయిల్ అవడమేంటి? నేను ఇలా ఆలోచిస్తూ కూర్చునేలోపు వాడు "షుకుదై గ ఒవత్తె కర హైరు" అనేస్తాడు. హోంవర్క్ అయ్యాక వెళ్తానని. ఆ ముక్క నా చెవిలో పడేదే కాదు. తర్వాత ప్రశ్న మొదలయ్యేది.

ఫలితం వచ్చిన వారం ఇంట్లో మంచం మీద పడుకుని ఉన్నాను. అమ్మ పెరట్లోంచి అరిచింది: "నీళ్ళు కాగాయే, స్నానానికి రా!" అంతే, దిగ్గున లేచి కూర్చున్నాను. ఒఫురొ గ వైత యొ అంటే ఇదే కదా! నేను తెలుగులో రోజూ వినే మాటని ఇంగ్లిష్ మీదుగా చుట్టూ తిప్పి తెచ్చుకుని తికమకపడ్డాను.

ఆ రోజు నుంచి నోట్సులో ఇంగ్లిష్ పక్క కొట్టేసి తెలుగు రాయడం మొదలుపెట్టాను. నీళ్ళు కాగాయి: ఒయు గ వకిమషిత. నీళ్ళు కాచాను: ఒయు ఒ వకషిమషిత. జుట్టు ఆరింది: కమి గ కవకిమషిత. జుట్టు ఆరబెట్టుకున్నాను: కమి ఒ కవకషిమషిత. ఈ జంటలను ఇంగ్లిష్‌లో ట్రాన్సిటివ్, ఇంట్రాన్సిటివ్ అని నేర్పితే నాకు తల తిరిగేది. కాగడం, కాచడం మధ్య తేడా మనకు ఎవరైనా నేర్పారా? ఇంకోటి, ఒయు అంటేనే వేడినీళ్ళు, మిజు అంటే చన్నీళ్ళు. "వేడి మిజు" అని రాయకండి.

వాక్యం వరస కూడా మనదే. "సెక్కెన్ దె తె ఒ అరౌ" అంటే సబ్బుతో చేతులు కడుక్కోవడం. సెక్కెన్ సబ్బు, దె మన "తో", తె చేయి. "ఒకితె, హ ఒ మిగైతె, షవా ఒ అబితె, అసగొహన్ ఒ తబెమసు" అంటే లేచి, పళ్ళు తోముకుని, షవర్ కింద స్నానం చేసి, టిఫిన్ తింటాను. అందరూ భయపెట్టే తె-రూపం మనం బళ్ళో చదివిన క్త్వార్థకమే. లేచి, తోముకుని, చేసి. అలాగే "నెరు మఎ ని" అంటే పడుకునే ముందు, "తబెత అతొ దె" అంటే తిన్న తర్వాత. ముందుకి "పడుకునే", తర్వాతకి "తిన్న" అని మనం ఎలా మారుస్తామో వాళ్ళూ అలాగే మారుస్తారు. పనుల వరస అడిగే ప్రశ్నల్లో సగం బలం ఇక్కడే ఉంది.

వేసుకోవడం దగ్గర నేను బాగా నవ్వుకున్నాను. చొక్కా అయితే కిరు, ప్యాంటు, చెప్పులు, సాక్సులు అయితే హకు, టోపీ అయితే కబురు, కళ్ళజోడు అయితే కకెరు. ఇన్ని ఎందుకు, ఇంగ్లిష్‌లో ఒక్కటే ఉందిగా అని మొదట్లో విసుక్కున్నాను. చీర కట్టుకుంటాం, చొక్కా తొడుక్కుంటాం, కళ్ళజోడు పెట్టుకుంటాం, పూలు తురుముకుంటాం. మనమా విసుక్కునేది?

చెవికి కూడా తెలుగు సాయం చేస్తుంది. గోళ్ళు కత్తిరించి అనడానికి "త్సుమె ఒ కిత్తె", బట్టలు వేసుకుని అనడానికి "ఫుకు ఒ కితె". రెండు క్రియలూ కిరు అనే పలుకుతాయి, తె-రూపంలో మాత్రం ఒకదానికి ఒత్తు ఉంటుంది, ఇంకోదానికి ఉండదు. కల, కల్ల తేడా వినగలిగిన చెవికి ఇది కష్టం కాదు. త్సుమెలో త్సు కూడా కొత్తదేం కాదు, చుక్క, చుట్టం అనేటప్పుడు మన నోట్లో పలికే చు అది. అందుకే మొదటి రెండు వారాలు రోమన్ అక్షరాలు మానేసి తెలుగు లిపిలో రాసుకున్నాను. దీర్ఘాలు, ఒత్తులు స్పష్టంగా కనిపిస్తాయి. కానీ రెండు వారాలే. పరీక్షలో వచ్చేది జపనీస్ లిపులే: హిరగన, కతకన, కంజి. అక్కడే ఉండిపోతే రీడింగ్ మునిగిపోతుంది.

తెలుగు మోసం చేసే చోట్లూ ఉన్నాయి. మా వైపు "మొహం కడుక్కున్నావా?" అంటే పళ్ళు తోముకున్నావా అని కూడా. జపనీస్‌లో "కఒ ఒ అరౌ" అంటే మొహం ఒక్కటే, పళ్ళకి "హ ఒ మిగకు" అని విడిగా చెప్పాలి. రెండు వేర్వేరు బొమ్మలుగా వస్తాయి కాబట్టి జాగ్రత్త. మిగకు అంటే తోమడం అని గుర్తుపెట్టుకుంటే బాగానే ఉంటుంది, బూట్లు పాలిష్ చేయడానికీ అదే మాట. కానీ అంట్లు తోమడానికి అది వాడరు, "సర ఒ అరౌ" అంటారు. టూత్‌పేస్టుని వాళ్ళు ఇప్పటికీ హమిగకికొ అంటారు. చివర ఉన్న కొ అంటే పొడి. మన పళ్ళపొడే!

ఇక స్నానం. షవర్ అయితే "షవా ఒ అబిరు", తొట్టి స్నానం అయితే "ఒఫురొ ని హైరు", అంటే ఒఫురొలోకి దిగడం. అందుకే అక్కడ "ఒ" (మన "ను") రాదు, జపనీస్ "ని" (మన "లోకి") వస్తుంది. చూడ్డానికి హైరు కూడా అబిరులాగే ఉంటుంది గానీ తె-రూపం హైతె కాదు, హైత్తె. నేను మూడు మాక్ టెస్టుల్లో ఇది తప్పు రాశాను. తొట్టి స్నానం పద్ధతి తెలిస్తే మాట దానంతటదే గుర్తుంటుంది. వాళ్ళు ముందు బయట కూర్చుని సబ్బు రుద్దుకుని, ఒళ్ళంతా కడుక్కుని, ఆ తర్వాతే తొట్టిలో దిగుతారు. ఆ నీళ్ళలోనే ఇంట్లో మిగతావాళ్ళూ దిగుతారు కాబట్టి అందులో సబ్బు కలవకూడదు. పైగా చాలామంది రాత్రిపూటే చేస్తారు. పొద్దున్నే స్నానం చేసే మనం అలవాటు ప్రకారం ఒఫురొని టిఫిన్‌కి ముందు పెట్టేస్తాం. ఆడియో విని పెట్టండి, అలవాటుతో కాదు.

ప్రాక్టీసు ఎలా చేశానంటారా, పెద్దగా ఏమీ లేదు. అద్దం మీద కగమి, తువ్వాలు మీద తఒరు, బకెట్టు మీద బకెత్సు అని చీటీలు అంటించాను. తడికి రెండో రోజే ఊడిపోయాయి. ఆ తర్వాత పని చేస్తూ ఆ పని పేరు పైకి చెప్పడం మొదలుపెట్టాను. పొద్దున్న పది నిమిషాలు, రాత్రి పది నిమిషాలు. హాస్టల్లో పక్క బాత్రూమ్ అమ్మాయి నేను ఫోన్ మాట్లాడుతున్నానని చాలా రోజులు అనుకుందట. దాంతోపాటు రోజుకో లిజనింగ్ సెట్. మొదటిసారి వింటూ బొమ్మ పెట్టడం, రెండోసారి ఆపి ఆపి వాళ్ళ వెనకే పలకడం. "మజు" అంటే ముందుగా, "సొరె కర" అంటే ఆ తర్వాత, "సొనొ మఎ ని" అంటే అంతకంటే ముందు. ఈ మూడూ వినబడితే పెన్సిల్ ఆపండి, అక్కడే వరస తారుమారవుతుంది.

డిసెంబర్ మొదటి ఆదివారం మళ్ళీ రాశాను. 121 వచ్చాయి, లిజనింగ్‌లో 41.

ఇప్పుడు కైగొ పరీక్షకి చదువుతున్నాను. ఇక్కడా అవే మాటలు, కాకపోతే అవతలి మనిషి కోసం. కట్టుడు పళ్ళు ఇరెబ, తుడవడం ఫుకు, మంచం మీదే ఒళ్ళు తుడవడం సెయిషికి. పక్షవాతం వచ్చినవాళ్ళకి బట్టలు మార్చే నియమం ఒకటుంది, దక్కెన్ చక్కన్ అంటారు. తీసేటప్పుడు బాగున్న చేయి ముందు, తొడిగేటప్పుడు బాగాలేని చేయి ముందు. ఈ పేరు వింటే హైదరాబాద్‌లో ఏదో హోటల్ పేరులా ఉంది కదా, నేను మర్చిపోలేను. ఇంకో మాట, నురుయి. గోరువెచ్చన అని రాసుకున్నాను గానీ, మనకు గోరువెచ్చన హాయి. స్నానం నీళ్ళు 40 డిగ్రీల దగ్గర ఉండాలనుకునే వాళ్ళకి నురుయి అంటే చల్లారిపోయాయని ఫిర్యాదు.

సెలవుల్లో ఇంటికెళ్తే మా నానమ్మకి స్నానం చేయించే డ్యూటీ నాదే. నీళ్ళు పోసే ముందు చెప్పి పోయాలన్నది కైగొ పాఠంలో మొదటి సంగతి. చెంబు ఎత్తి "ఒయు ఒ కకెమసు నె" అన్నాను, వేడినీళ్ళు పోస్తున్నానండీ అని. కళ్ళజోడు పెట్టుకోవడానికి వాడిన కకెరు మాటే ఇది కూడా. నానమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, "ఆ మంత్రాలు తర్వాత చదువుదువు గానీ, ముందు తొరుపు నీళ్ళు కలిపావా లేదా చెప్పు" అంది.